మొదటి మూడు నిమిషాలు

ఎనభైల నడుమ, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి ప్రభుత్వ కొలువు ఉత్తరం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, మట్టెవాడలోని ఒక క్యాసెట్ల దుకాణానికి నేనొక యంత్రం చేసి ఇచ్చాను. ఒక క్యాసెట్ పాడుతుంటే నాలుగు ఖాళీ క్యాసెట్లు ఒకేసారి దాన్ని ఎక్కించుకునేవి. పాత టేప్‌రికార్డర్ల నుంచి తీసిన మోటార్లు ఐదు, హెడ్లు ఐదు, ఒక ట్రాన్స్‌ఫార్మర్, పైన అల్యూమినియం రేకు. నాలుగింటిలో ఏది విన్నా అసలుకు తేడా తెలిసేది కాదు. అది నా గర్వం.

నకలు తీయడం తప్పని మా బజారులో ఎవరూ అనుకోలేదు. జనం చీటీ మీద పాటలు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి, సాయంత్రం వచ్చి తీసుకుపోయేవారు. చట్టం ఉందని నాకు తెలుసు. అది బొంబాయి కంపెనీల గొడవ అనుకున్నాను.

కొన్ని వారాలకు దుకాణం యజమాని మళ్లీ పిలిచాడు.

"తమ్మీ, మొదాలు మూడు నిమిషాలు ఎక్కొద్దు. ఆ తర్వాతనే నాలుగూ తిరగాలె. అయితదా?"

"ఎందుకన్నా?"

"నువ్వు ఇంజనీరువా, వకీలువా?"

ఇద్దరం నవ్వుకున్నాం. పరీక్షించడానికి అతనిచ్చిన క్యాసెట్ నెక్కొండ వైపు ఊరికి చెందిన ఒక ముసలి ఒగ్గు కథకుడిది. తన ఖర్చుతో హైదరాబాదు పోయి రికార్డు చేయించుకున్నాడు. ఒగ్గు కథకు ఒక పద్ధతి ఉంది. మల్లన్నను తలచుకున్నాక, కథ ఎత్తుకోకముందే, కథకుడు తన గురువును, తన ఊరిని, తన మేళాన్ని చెప్పుకుంటాడు. ఇంట్లో కొలుపుకు మల్లన్న పట్నం ముగ్గు వేయించుకునేవాళ్లు ఆ మాట గుర్తు పెట్టుకుని, మేళాన్ని పిలవడానికి ఆ ఊరికి మనిషిని పంపుతారు. గడియారం పెట్టుకుని విన్నాను. అదంతా కలిపి మూడు నిమిషాలకు కొద్దిగా తక్కువ. యజమాని చెప్పని జవాబు క్యాసెట్టే చెప్పింది: పేరూ ఊరూ లేకుంటే అది ఎవరి కథో కొన్నవాళ్లకు తెలియదు.

ఒక మధ్యాహ్నంలో టైమర్ బిగించి, యంత్రం పక్కన చిన్న మీట పెట్టి ఇచ్చాను. ఎక్కడా చప్పుడు రాకుండా, కథ సరిగ్గా డోలు దెబ్బతో మొదలయ్యేది.

ఆ ఎండాకాలం పోలీసులు యంత్రాన్ని జప్తు చేసి, మా ఇద్దరినీ స్టేషన్‌కు పిలిపించారు. కథకుడు అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను ఆయనను చూడటం అదే మొదటిసారి. ఆయన ఫిర్యాదు చిన్నది. హసన్‌పర్తి దగ్గర ఒక ఊళ్లో నుంచి పోతుంటే మైకులో తన గొంతే వినిపించింది, తన పేరూ ఊరూ మాత్రం లేవు. ఎవరిదని అడిగితే, "ఎవలిదో తెల్వదు, బజార్ల దొరికింది" అన్నారు. ఆ ఏడు ఆయన మేళాన్ని కొత్తగా ఒక్క ఊరూ పిలవలేదు.

"సార్, మిషన్ చేసింది గీ పిలగాడు" అన్నాడు యజమాని. "నేను మీట నొక్కెటోన్ని, గంతే."

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. దారిలో సిద్ధం చేసుకున్న మాటే చెప్పాను. "గొడ్డలి చేసిన కమ్మరి మీద కేసు పెడతారా సార్?"

"గొడ్డలితోని కట్టెలు కొట్టుకుంటరు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గీ మీటతోని ఇంకేం పని అయితదో చెప్పు."

దానికీ నా దగ్గర జవాబు ఉంది. ప్రతి క్యాసెట్ మొదట్లో ఏదీ ఎక్కని ఖాళీ టేపు ముక్క ఉంటుంది, అది దాటడానికని చెప్పవచ్చు. ఆ ముక్క దాటడానికి ఐదారు సెకన్లు చాలునని ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట అంటే నేను వట్టి మెకానిక్‌ని, తప్పు యజమానిది. కొలువు ఇచ్చేముందు నా నడత గురించి విచారణ కాగితం వచ్చేదీ ఆ స్టేషన్‌కే. కేసులో పేరుంటే కొలువు లేదు.

నేను నోరు తెరిచేలోపు కథకుడే మాట్లాడాడు.

"సారూ, పిలగాన్ని బెదిరియ్యకుండ్రి. మిషన్ ఖరాబై తెగిపోయుంటది. గంతే గద బిడ్డా?"

ఆయన నా కోసం అబద్ధం వెతకలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. దాంతో సిద్ధంగా ఉన్న నా జవాబును వదిలేశాను.

"లేదు తాతా. ఖరాబ్ కాలే. నేనే కోసిన."

"నా ఊరు పేరు ఇన్నవా, కోసేముందు?"

"ఇన్న."

"పని మంచిగనే చేసినవ్ బిడ్డా. ఎక్కడ తెగిందో నాకే తెల్వలే" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. పనివాడు పనివాడితో అనే మాట.

హెడ్ కానిస్టేబుల్ నా వాంగ్మూలం రాశాడు. ఇన్‌స్పెక్టర్‌కు నా వయసు చూసి జాలి కలిగిందేమో, ఒక వాక్యం ఆయనే చెప్పి రాయించాడు: 'యజమాని కోరగా, కారణం తెలియక, ఆ మీటను అమర్చితిని.' హెడ్ కానిస్టేబుల్ దాన్ని చదివి వినిపించాడు. యజమాని గోడకేసి చూస్తున్నాడు.

"సార్, 'కారణం తెలియక' తప్పు" అన్నాను. "తెలుసు."

"నౌకరి పోతది. సోయి ఉన్నదా నీకు?"

"ఉన్నది సార్."

ఇన్‌స్పెక్టర్ కలం నా వైపు తోశాడు. ఆ రెండు మాటలు కొట్టేసి, పైన 'తెలిసే' అని రాసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం చేశాను. కాగితం కింద పూర్తి సంతకం చేశాను. ముద్దాయిల వరుసలో నా పేరు రెండోది.