పొడిగుడ్డల సంచీ

నిన్న పొద్దున్న డాబా మీద టీ తాగుతూ ఎదురింటి దండెం చూసి గతుక్కుమన్నాను. ఆ ఇంట్లో పసిపిల్లాడున్నాడు, ఇంకా నెల నిండలేదు. దండెం మీద ఒక లుంగీ, రెండు తువ్వాళ్లు తప్ప ఇంకేమీ లేవు. గ్లాసు పిట్టగోడ మీద పెట్టేసి గబగబా కిందికి దిగి, "ఎదురింటి పిల్లాడికి ఎలా ఉందో ఓసారి కనుక్కో" అన్నాను మా ఆవిడతో. వంకాయలు తరుగుతున్న మనిషి తలెత్తనైనా లేదు. "ఇప్పుడందరూ డైపర్లే కదండీ ఏస్తన్నారు. మీరెల్లి టీ తాగండి" అంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ ఏడేళ్ల కింద ఒక ఎండాకాలం నా కళ్లకి అంటుకున్న జబ్బు ఇది. పసిపిల్లలున్న ఇల్లు ఎక్కడ కనబడినా ముందు దండెం వంకే చూస్తాను.

ఆ ఎండాకాలం మా అమ్మాయి పురిటికి నర్సీపట్నం వచ్చింది. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది, ఇంటికి తెచ్చుకున్నాం. పురుడు చూడ్డానికి నాతవరం నుంచి మా అత్తగారు షేర్ ఆటోలో దిగారు. ఒళ్లో నువ్వులనూనె సీసా, కాళ్ల దగ్గర పాత నేతచీరలు చింపి ఉతికి మడతపెట్టిన పొత్తిగుడ్డల మూట. వాళ్ల ఊళ్లో సగంమంది పిల్లలకి తన చేతులతోనే నీళ్లు పోశానని ఆవిడ చెబుతారు. మిగతా సగం గురించి మనం అడగకూడదు. మా వెనకగది పురిటిగది అయింది, నాకు అందులోకి ప్రవేశం పోయింది. నేను బస్సు కాంప్లెక్సులో కంట్రోలరుగా చేసి రిటైరైనవాణ్ణి. రోలుగుంట బస్సెప్పుడు, కృష్ణదేవిపేట బస్సెప్పుడు అని అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పిన మనిషిని. అలాంటిది నా ఇంట్లో నా మనవరాలి కబురు నాకు చెప్పే దిక్కు లేదు. అందుకని పెరట్లో దండేనికి ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. తడిగుడ్డలు వచ్చి దండెం ఎక్కుతున్నాయంటే పిల్ల పాలు తాగుతోంది, ఉచ్చ పోస్తోంది, బాగుంది అని లెక్క. అదే నా న్యూస్‌పేపరు.

మొదట్లో దండెం చాలక జామచెట్టు కొమ్మల మీద కూడా ఆరేసేవారు. తర్వాత కొమ్మలు ఖాళీ అయ్యాయి, ఆ తర్వాత దండెం కూడా పలచబడింది. లోపల మాత్రం అందరూ పిల్లని మెచ్చుకుంటున్నారు. అత్తగారు కాళ్లు చాపుకుని, పిల్లని వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, వేణ్ణీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టిస్తే ఇంక అది కన్ను తెరిచేది కాదు. "బంగారుతల్లి, ఏడుపన్నదే నేదు" అని మురిసిపోయేవారు. ఒకరోజు పొద్దున ఆరేసిన గుడ్డలే మధ్యాహ్నానికి ఎండి బిరుసెక్కాయి. వాటి పక్కకి కొత్తగా ఒక్కటీ రాలేదు. మా ఆవిణ్ణి పిలిచి, "పాప ఉచ్చ పోసిందా?" అని గొంతు తగ్గించి అడిగాను. "పోస్తాదండీ, కూకోండి" అంది. అది నా మాటే. బయల్దేరిందో లేదో తెలియని బస్సు కోసం నిలబడ్డవాళ్లకి, "వస్తాదండీ, కూకోండి" అని ఉద్యోగమంతా నేను చెప్పిన మాట. దాని విలువెంతో నాకంటే ఎవరికి తెలుసు? లోపల్నుంచి అత్తగారు అందుకున్నారు: "తొంగున్న గుంటని నేపకూడదు బాబూ. నిద్దట్లోనే ఒళ్లొస్తాది."

ఇంతలో మా అమ్మాయి పిలిచింది. "నాన్నా, పాప తాగట్లేదు. ఎంత కుదిపినా కళ్లు తెరవట్లేదు." పురిటిగది అన్న మాట మరిచిపోయి లోపలికి వెళ్లాను. పిల్ల నోరు పొడారిపోయి ఉంది. కింద గుడ్డ మీద రూపాయి బిళ్లంత మరక, అదీ ముదురు పసుపు రంగులో. అన్నేళ్ల అనుభవమున్న అత్తగారు నా ముఖంలోకి చూశారు. ఆటో పిలిచాను. చేతికి దొరికిన సంచీలో పొత్తిగుడ్డలు కుక్కుకుని అందరం ఎక్కాం.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్ల అరికాలు మీద గట్టిగా తట్టింది. పిల్ల సన్నగా మూలిగి ఊరుకుంది. "కొంచెం పచ్చకామెర్లున్నాయి. ఆ మగతలో పాలు తాగట్లేదు, తాగక ఇంకా మగత. ఇంత చిన్నపిల్లలు ఆకలేసినా లేవరు ఒక్కోసారి. నిద్రపోతోందని వదిలెయ్యకూడదమ్మా, లేపి పట్టాలి" అంది. పిండిన పాలు చెంచాతో పడతామని, లైటు కింద పెడతామని, డైపర్ వద్దు గుడ్డలే వెయ్యమని, తడిసినప్పుడల్లా చెప్పమని అంది. మా అమ్మాయినీ, మా అత్తగారినీ లోపల ఉంచి తలుపేసేశారు. అల్లుడికి ఫోన్ చేస్తే బయల్దేరానన్నాడు. ఆ తర్వాత నాకు చేసే పని లేదు.

సంచీ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఏజెన్సీ కొండల మీంచి దిగాల్సిన బస్సు వానలో ఘాట్‌రోడ్డు మీద ఎక్కడో ఆగిపోయింది. దానిలో వస్తున్నవాళ్ల తాలూకు మనుషులు నా కిటికీ చుట్టూ మూగితే, టీ కొట్టువాణ్ణి కొట్టు కట్టెయ్యొద్దని బతిమాలడం తప్ప నేను చేసిందేమీ లేదు. అప్పుడు కనీసం వాళ్లకి తిట్టడానికి నేనైనా ఉన్నాను. ఇక్కడ మూసిన తలుపు ఒకటే ఉంది. సంచీలో గుడ్డలు తీసి మడతపెట్టాను, విప్పి మళ్లీ పెట్టాను. భయం వేసింది, ఏడుపొచ్చింది, ఏడిస్తే అశుభమని మింగాను. "పోస్తాదంటావా?" అన్నాను మా ఆవిడతో. ఈసారి ఆవిడ కూకోండి అనలేదు. నా ఒళ్లోంచి ఒక గుడ్డ తీసుకుని తనూ మడతపెట్టింది.

ఎండ వాలాక తలుపు తెరుచుకుంది. పెళ్లయిన నాటినుంచీ తలుపు చాటున నిలబడే నాతో మాట్లాడిన మా అత్తగారు తిన్నగా నా ఎదురుగా వచ్చి చెయ్యి చాపారు. "గుడ్డియ్యండి బాబూ, బేగి." నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ల మీద పెద్ద తడి కనబడింది. గుడ్డ ఇచ్చాను. అందుకుని, దాంతోనే ముందు కళ్లు తుడుచుకుని, ఇంకోటి అడిగారు. దాంతో గండం గడిచిందని కాదు. మూడో గుడ్డ కోసం చూసిన ఎదురుచూపు మొదటిదానికంటే కష్టంగా గడిచింది. కానీ తలుపు సందులోంచి, "నెగవే గుంటా, నెగు. పాలు తాగి తొంగోవే" అని అరికాలు గోకుతూ పిల్లని అదిలించి లేపుతున్న ఆవిడ గొంతు మాత్రం ఆగకుండా వినబడుతూనే ఉంది.

అత్తగారు ఇప్పుడు లేరు. మనవరాలు సెలవులకి వస్తే ఎండెక్కేదాకా ముసుగుతన్ని పడుకుంటుంది, లేపబోతే "ఇంకాసేపు తాతా" అని గోడవైపు తిరుగుతుంది. ఊళ్లో బస్సులన్నిటికీ టైములు బోర్డు మీద రాయించాను గానీ, ఒక గుడ్డ తడవడానికీ ఇంకో గుడ్డ తడవడానికీ మధ్యనున్న కాలాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.