కొలువుకెక్కిన మిషిగన్ పటాలం

అచ్యుతరావుగారు బేస్‌మెంట్‌లో చచ్చినవాళ్లతో మాట్లాడతారని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్లలో ఒక మాట పుట్టింది. పుట్టించింది వసంతలక్ష్మి. ఆవిడ ఇల్లు వాళ్లింటికి రెండిళ్ల అవతల. ఒక సాయంత్రం పాలలోకి తోడు కోసం వెళ్తే వీధి తలుపు తీసే ఉంది. పిలిస్తే ఆయన భార్య కామేశ్వరి పలకలేదు. కింద నుంచి మాత్రం మగగొంతు వినిపించింది. వసంతలక్ష్మి నాలుగు మెట్లు దిగి తొంగి చూసింది. అచ్యుతరావుగారు నుదుటికి దీపం కట్టుకుని, బొటనవేలంత మనిషిని చేత్తో పట్టుకుని, "చార్లెస్, వయసు పంతొమ్మిది, తూటా గొంతులో దిగింది" అంటున్నారు. కాస్త ఆగి, "విలియం, కొత్తగా పెళ్లయింది పాపం" అన్నారు. వసంతలక్ష్మి తోడు సంగతి మర్చిపోయి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఫోన్ అందుకుంది.

ఆదివారం గుడిలో ప్రసాదం వరుసలోకి చేరేసరికి ఆ మాటకి సూదులు వచ్చాయి. పులిహోర తినడం అయ్యేలోపల నిమ్మకాయలు కూడా వచ్చాయి.

నిజానికి ఆయనంత భయపెట్టలేని మనిషి ఆ ఊళ్లో ఇంకొకరు లేరు. పంతొమ్మిదివందల డెబ్బైల్లో అమెరికా వచ్చి, ఒక కార్ల కంపెనీలో లోహాలు పరీక్షించే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. పార్టీకి వెళ్తే గోడ పక్కన కుర్చీ చూసుకుని, పెట్టింది తిని, పేపర్ ప్లేట్ మడిచి చెత్తబుట్టలో వేసి, కామేశ్వరి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చుంటారు. ఆయన్ని మాట్లాడించాలంటే ఒకటే దారి, అమెరికా అంతర్యుద్ధం. ఆ తర్వాత ఆపడానికి మాత్రం దారి లేదు. సిటిజన్‌షిప్ పరీక్షకి అందరూ చదివారు, పాసయ్యారు, మర్చిపోయారు. ఈయన మర్చిపోలేదు. లింకన్ ఎవరని ఆఫీసర్ అడిగితే, బానిసల సంగతితో మొదలుపెట్టి, దక్షిణ రాష్ట్రాలు విడిపోవడం మీదుగా, మొదటి ఏడాది యుద్ధాల దాకా వచ్చారట. అప్పటికి ఆఫీసర్ లేచి నిలబడి, "సర్, మీరు పాసై చాలాసేపయింది" అని చెయ్యి కలిపాడట.

ఆ చదువే కొన్నాళ్లకు బొమ్మలైంది. సీసపు సైనికులు, గుర్రాలు, ఫిరంగులు. అన్నిట్లోకీ ఆయన ప్రాణం ఇరవైనాలుగో మిషిగన్ పటాలం. ఉత్తరం వైపు పోరాడిన డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు, నల్లటోపీల వాళ్లు. గెటిస్‌బర్గ్ యుద్ధంలో మొదటిరోజు ఒక చిన్న అడవిలో నిలబడి ఐదుగురిలో నలుగురు పడిపోయారు. ఆ అడవిని, ఆ నిలబడ్డవాళ్లని, ఆ పడిపోయినవాళ్లని ఉన్నదున్నట్టు చేసి, ఊరి లైబ్రరీ గాజు అరలో పెట్టించాలని ఆయన కోరిక. అరలో ఏం పెట్టాలో తేల్చేది బొమ్మల క్లబ్బు ప్రెసిడెంటు డేల్. ఒకసారి కోటు బొత్తాలు తప్పని తిప్పి పంపాడు. ఇంకోసారి గడ్డి రంగు యుద్ధం జరిగిన జులైది కాదన్నాడు. ఈ ఏడు ఇంటికే వచ్చి చూస్తానన్నాడు. ఎనభై దగ్గరపడ్డ అచ్యుతరావుగారికి వచ్చే ఏడాది అన్న మాట మీద పెద్దగా నమ్మకం లేదు. ఇదే ఆఖరనుకున్నారు.

అయితే ఆ వేసవిలో పెద్ద వాన కురిసింది. బేస్‌మెంట్‌లో నీళ్లు తోడే పంపు సరిగ్గా ఆ రోజే ఆగిపోయింది. సైనికులు పై అరల్లో ఉన్నారు కాబట్టి బతికారు. కామేశ్వరి దసరా కొలువు బొమ్మలు నేల మీది అట్టపెట్టెల్లో ఉన్నాయి. అన్నీ మట్టివి. దశావతారాల్లో మత్స్యావతారంతో సహా ఒక్కరికీ ఈత రాలేదు.

"నా బొమ్మల్ని నేలన పడేసి, మీవాళ్లని మేడెక్కించారుగా" అంది కామేశ్వరి. "ఈ ఏడు మీవాళ్లే కొలువు తీరతారు."

"డేల్ వచ్చేది కొలువు మొదటిరోజే."

"రానీండి. శనగలు పెడతాను."

కొలువు మొదటిరోజు సాయం చేయడానికని వసంతలక్ష్మి ముందే వచ్చింది. భయం లేకపోలేదు, కానీ చూడకుండా ఉండలేని గుణం దాన్ని మించింది. ఆవిడ వచ్చేసరికి హాల్లో తెల్లదుప్పటి పరిచిన మెట్ల ముందు మొగుడూ పెళ్లాలకి వాదన నడుస్తోంది.

"దక్షిణం వాళ్లని దక్షిణం వైపు పెట్టండి. చూసేవాళ్లకి తేలిగ్గా ఉంటుంది" అంటోంది కామేశ్వరి.

"ఆ రోజు దక్షిణం వాళ్లు ఉత్తరం నుంచీ పడమర నుంచీ వచ్చారు. ఉత్తరం వాళ్లు దక్షిణం నుంచి వచ్చారు."

"అదేం యుద్ధమండీ? దారి తప్పి కొట్టుకున్నారా?"

"మధ్యలో ఓక్ చెట్లుండాలి కామేశ్వరీ. నా చెట్లన్నీ నీళ్లలో పోయాయి."

"ఫ్రిజ్‌లో కొత్తిమీర ఉంది."

ఆయన ఫ్రిజ్ తీసి చాలాసేపు చూసి, కరివేపాకు రెమ్మలు తెచ్చుకున్నారు. ఓక్‌కి అదే దగ్గరట. వంగి, కళ్లద్దాలు ఎత్తి దించి, పడిపోవాల్సిన వాళ్లని పడిపోవాల్సిన చోటే పడుకోబెట్టి, పంచె కట్టుకురమ్మని కామేశ్వరి మూడోసారి కేకేస్తే మేడ మీదికి వెళ్లారు.

వసంతలక్ష్మి దగ్గరికొచ్చి చూసింది. సూదులు, నిమ్మకాయలు లేవు గానీ, కొలువులో సగం బొమ్మలు పడుకుని ఉన్నాయి.

"ఇదేంటి వదినా!" అని వంటింట్లోకి కేకేసింది. "కొలువు ఎత్తేసే రోజు కదా బొమ్మని పడుకోబెట్టేది! మొదటిరోజే ఇలాగైతే ఇంటికి శుభమా?"

వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. కేక ఆ మోతలో కలిసిపోయింది. వసంతలక్ష్మి ఊరుకునే మనిషి కాదు. పళ్లెంలో బియ్యం పోసి, పడిపోయినవాళ్లని ఒక్కొక్కరినే లేపి, మోకాళ్ల దాకా బియ్యంలో గుచ్చి నిలబెట్టింది. ఎలాగూ చెయ్యి పెట్టింది కాబట్టి అగరుపుల్ల కొసతో అందరికీ నుదుట కుంకుమ దిద్దింది. దక్షిణం వాళ్లని కూడా వదల్లేదు.

అప్పుడే వాళ్ల ముఖాలు దగ్గరగా చూసింది. పేరంటాళ్లు ఒకరొకరే వచ్చి చుట్టూ చేరారు.

"ఈ జెండా పట్టుకున్నాయన అచ్చం మా తణుకు మావయ్యలా లేడూ!"

"ఆ కల్నల్ మీసం చూడు. కామేశ్వరి వదిన పెద్దన్నయ్య కదూ? ఆ మధ్య వచ్చి నాలుగు నెలలున్నారే, ఆయనే!"

కామేశ్వరి శనగల గిన్నె తెచ్చి కింద పెట్టి, "ఉప్పు సరిపోయిందేమో చూడు వసంతా" అంది.

అంతలో బెల్ మోగింది. డేల్ వచ్చాడు. తెల్లగడ్డం, భారీ మనిషి, శనివారాలు నీలం కోటు వేసుకుని పొలాల్లో ఉత్తుత్తి యుద్ధాలు చేసే రకం. గుమ్మంలో బూట్లు విప్పితే మేజోడులోంచి బొటనవేలు బయటపడింది. పట్టుచీరల మధ్య ఆ వేలు దాచుకుంటూ కొలువు దగ్గరికి వచ్చి, జేబులోంచి భూతద్దం తీశాడు. అదే సమయానికి అచ్యుతరావుగారు పంచె సర్దుకుంటూ మెట్లు దిగారు.

"నుదుటి గాయాలు అద్భుతం" అన్నాడు డేల్. "కానీ అచ్యుత్, ఈ దెబ్బ తగిలినవాళ్లు ఎందుకు నిలబడ్డారు? అదీ మంచులో?"

అచ్యుతరావుగారు చూశారు. ఆయన పటాలంలో చచ్చినవాళ్లందరూ లేచి, బొట్టు పెట్టుకుని, బియ్యంలో నిలబడి ఉన్నారు.

"డెడ్ ఈజ్ ఓకే," అని వసంతలక్ష్మి డేల్‌కి అడ్డం వచ్చింది. "బట్ టుడే నో స్లీపింగ్. టెన్త్ డే, స్లీపింగ్!"

"పడుకోబెడితే తీసుకుంటాను. ఇలాగైతే క్లబ్బు ఒప్పుకోదు" అన్నాడు డేల్.

అచ్యుతరావుగారు కామేశ్వరి వైపు చూశారు. ఆవిడ శనగలు కలుపుతోంది. పేరంటాళ్లందరూ ఆయన చేతులనే చూస్తున్నారు. ఒక్కొక్కరినే తిప్పి పడుకోబెడితే అయిపోయే పని. ఆయన చెయ్యి ముందుకు చాపి, ఒక కుర్రాడి పక్కన ఒరిగిన కరివేపాకు రెమ్మ నిలబెట్టి, వెనక్కి తీసుకున్నారు.

"దశమి దాకా వీల్లేదు డేల్" అన్నారు. "మా ఇంట్లో పద్ధతి అది."

"మంచిది" అన్నాడు డేల్, మొహం చిన్నబుచ్చుకుని. వెళ్లబోతూ, మర్యాదకి ఒకసారి వంగి జెండా మనిషిని భూతద్దంలో చూశాడు. పక్కవాడిని చూశాడు. ఆ పక్కవాడిని చూశాడు. బొటనవేలు దాచుకోవడం మానేశాడు. వరస చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చాడు.

"ఏ ఇద్దరూ ఒకేలా లేరు. ఈ ముఖాలు ఎవరు వేశారు?"

"మా ఆవిడ" అన్నారు అచ్యుతరావుగారు. "నా చెయ్యి వణుకుతుంది. చాన్నాళ్లయింది."

అందరూ కామేశ్వరి వైపు తిరిగారు. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి, "చాలామందివి ఫోటోలు దొరకవు కదా" అంది. "వయసు చెప్తే, ఆ వయసులో నాకు తెలిసినవాళ్ల ముఖం వేస్తాను. శనగలు తీసుకోమనండి ఆయన్ని."

డేల్ శనగలు తిన్నాడు, రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. దశమి మర్నాడు పెట్టెలతో వస్తానని, గాజు అర అప్పటిదాకా ఖాళీగానే ఉంచుతానని, ఆ రోజుకి మాత్రం చచ్చినవాళ్లందరూ పడుకునే ఉండాలని వసంతలక్ష్మికి వేలు చూపించి మరీ చెప్పాడు.

వసంతలక్ష్మి తోడు కోసం వచ్చిన ఆ సాయంత్రం కామేశ్వరి కూడా కిందే ఉంది. మెట్ల మీంచి కనపడని చోట, అరల వెనక కుర్చీలో, పళ్ల మధ్య కుంచె పట్టుకుని కూర్చుంది. ఆయన మాట్లాడుతున్నది ఆవిడతోనే.