నిద్రపోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మా జాలహళ్ళి నర్సమ్మ పోయిన సోమవారం చనిపోయింది. గుండెపోటు. టీకాల డబ్బా భుజాన వేసుకుని బయలుదేరుతూ గుమ్మంలోనే కూలిపోయిందట. కబురు వినగానే ఏడుపుకంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె అడిగింది ఒక్కటీ పై అధికారులు ఇవ్వలేదు.

చంటిపిల్లలకు టీకాలు వేయడానికి ఏ ఇంటికెళ్ళినా, లేచేముందు ఆమె తప్పకుండా అడిగేది. "ఇంట్ల నిద్రపోనోళ్ళు ఎవరన్న ఉన్నరా?" రిజిస్టరులో ఆ ప్రశ్నకు గడి లేదు. అంచున పెన్సిలుతో తనే గీసుకుంది.

ఏడేళ్ళ కిందట మా వదిన బిడ్డకు సూది వేయడానికి వచ్చి అదే అడిగింది. "అందరం మంచిగనే పంటున్నం సిస్టరమ్మా" అని అమ్మ అబద్ధమాడింది. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. అప్పటికి మూడు నెలలుగా ఇంకెవరికీ వినపడని మాటలు వినిపించి నాకు నిద్ర పట్టడం లేదు. మండే ఎండల్లో చెవుల నిండా పత్తి కుక్కుకుని తిరుగుతున్నాను. ఆమె ఆ పత్తిని చూసింది.

"ఎవరు మాట్లాడుతున్నరు బిడ్డా?"

అలా అడిగిన మొదటి మనిషి ఆమే. అంతా చెప్పేశాను.

"గాలి సోకిందనుకుంట కూసోకుండ్రి. గిది జబ్బే. జల్ది పోతే జల్ది తగ్గుతది" అని నాన్నను కసిరి, మరునాడు తనే నాతో వచ్చి, దేవదుర్గలో బస్సు మారి, రాయచూరులో మానసిక వైద్యుడికి చూపించింది. మందులతో మెల్లగా మాటలు తగ్గాయి. ఇప్పుడు మా విత్తనాల దుకాణం నేనే చూసుకుంటున్నాను.

అంత దూరం పోలేక ఆగిపోయినవాళ్ళ పేర్లు ఆ పెన్సిలు గడిలో అలాగే ఉన్నాయి. వారానికొక రోజు ఆ డాక్టరును ఇక్కడికే పంపమని ఆమె ప్రతి మీటింగులో అడిగేది. "నోడోణ" అని కన్నడంలో దాటవేసేవారు పైవాళ్ళు. తిరిగొచ్చి మా దుకాణంలో చాయ్ తాగుతూ మండిపడేది. "చూద్దాం చూద్దాం అంటనే ఉంటరు. ఎన్నేండ్లు చూస్తరు? జబ్బు ఆగుతదా వీళ్ళ కోసం?"

సంతాపసభలో ఒక అధికారి ఆమెను దేవత అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దేవతకైతే దండ వేసి చేతులు దులుపుకోవచ్చు కదా! లేచి నిలబడి, డాక్టరు ఎప్పుడొస్తాడని అడిగాను.

"నోడోణమ్మా" అన్నాడు.

నిన్న కొత్త నర్సు మా పక్కింటికి వచ్చింది. మంచి పిల్లే. సూది వేసి, గడులన్నీ నింపి, రిజిస్టరు మూసింది. గుమ్మంలో నిలబడి నేనే అడిగాను.

"అక్కా, ఇంట్ల నిద్రపోనోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

పక్కింటి అక్క నవ్వబోయి ఆగింది. మూసి ఉన్న లోపలి గది తలుపు వైపు చూసి, తల వంచుకుంది.

కొత్త నర్సు మళ్ళీ రిజిస్టరు తెరిచి, ఎక్కడ రాయాలో తెలియక నా వైపు చూసింది.