కిటికీ కింది గోడ

మా ఆయన ఎవరింటికి వెళ్ళినా ముందు గోడని పలకరిస్తారు, తర్వాతే మనుషుల్ని. ఇంటివాళ్ళు "రండి, కూర్చోండి" అంటుండగానే నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి, దాని పక్క గోడని వేలి కణుపుతో టకటకా కొట్టి చెవి ఒగ్గుతారు. కొడుతూ కొడుతూ ఒకచోట ఆగి, "ఇక్కడ జంట కొయ్య వెయ్యలేదే" అంటారు. ఆ ఇల్లాలి మొహం మాడిపోతుంది. చేతిలో పళ్ళ సంచి అలాగే పట్టుకుని "ఆయన మాటలు పట్టించుకోకండి" అని సర్దిచెప్పుకోవడంలోనే నా ఆయుష్షు సగం అయిపోయింది. మా పినతండ్రి కొడుకు కొత్తింటికి పిలుస్తూ, "అక్కా, బావగారిని తప్పకుండా తీసుకురా. చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకు రమ్మను" అని ఫోన్లోనే చెప్పాడు.

ఆయన పని కొయ్య ఇళ్ళకి గోడలు నిలబెట్టడం. బల్లలూ కుర్చీలూ చేస్తారా అని ఎవరైనా అడిగితే కోపం. "కుర్చీ విరిగితే ఒకడు పడతాడు. గోడ విరిగితే ఇంటిల్లిపాదీ" అంటారు. కొయ్య గోడంటే లోపల వరసగా నిలబెట్టిన నిలువు కొయ్యలు, వాటికి బయటొక పలక, లోపలొక పలక. కప్పు బరువంతా ఆ కొయ్యల మీదుగానే నేలకి దిగుతుంది. కిటికీ పెట్టాలంటే మధ్యలో ఒకటో రెండో కొయ్యలు కొయ్యాలి. కొయ్య పోయినా బరువు పోదుగా. అందుకని కిటికీ నెత్తిన అడ్డంగా ఒక దూలం, ఆ దూలాన్ని మొయ్యడానికి అటూ ఇటూ జంట కొయ్యలు. ఇదంతా నాకెలా తెలుసంటారా? భోజనాల దగ్గర గరిటెలు నిలబెట్టి, వాటి మీద అట్లకాడ అడ్డంగా పెట్టి, "ఇప్పుడీ గరిటె తీసెయ్" అనే మనిషితో కాపురం చేసి చూడండి. మీకూ తెలుస్తుంది.

ఆయన పని నేర్చుకునే రోజుల్లో, ఇంటివాళ్ళు తొందరపెట్టారని మేస్త్రీ దూలం వెయ్యకుండానే ఒక కిటికీ వెడల్పు చేశాడట. ఆ వానలకే ఆ గది కప్పు కిందికి దిగి కిటికీ అద్దం ఫెళ్ళున పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ చప్పుడు మాత్రం ఈయన చెవుల్లోంచి పోలేదు. ఎవరైనా "కిటికీ ఇంకాస్త పెద్దది" అంటే చాలు, తన పన్ను పీకుతామన్నట్టు చూస్తారు.

మేముండే ఇల్లు ఆయనే కట్టారు. గాలివానకి వీధిలో ఇళ్ళన్నీ మూలుగుతుంటే మా ఇల్లు కిక్కురుమనదు. సంతోషమే. కిటికీలు చూస్తే మాత్రం, ఇల్లంతా కట్టేశాక గుర్తొచ్చి పెట్టినట్టుంటాయి. రెండు కొయ్యల మధ్య ఎంత సందుంటే అంతే వెడల్పు. దానికి తోడు ఆయన కిటికీ ఎత్తు టేపుతో కొలవరు. గోడకి ఎదురుగా నిలబడి, గడ్డం కింద పెన్సిల్ పెట్టి గీత గీస్తారు. అక్కణ్ణించి పైకే కిటికీ. ఆయన పొడుగు మనిషి, గడ్డం ఎత్తున ఉంటుంది. నాది అంతెత్తున లేదు. వంటింట్లో కిటికీ పెట్టమని అడగ్గా అడగ్గా ఏడాదికి ఒకటి వచ్చింది. అందులోంచి పొగ కూడా పక్కకి తిరిగి వెళ్ళాలి. బయట ఎండో వానో తెలుసుకోవాలంటే నేను పీట ఎక్కాలి.

ఇలాంటి ఇంటికి మా వదిన వచ్చింది. మా ఆయనకి సొంత అక్క. మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుని, ఆసుపత్రి నుంచి సరాసరి మా వీధి గదిలో మంచమెక్కింది. బతుకంతా వీధి వాకిట్లో కుట్టుమిషన్ వేసుకుని కూర్చున్న మనిషి. దారిన పోయేవాళ్ళ కొలతలు ఆవిడకి కంటితోనే తెలుసు. ఎవరు చిక్కారో, ఎవరు లావెక్కారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అన్నీ అక్కణ్ణించే చూసేది. అలాంటి మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు దిళ్ళకి మించి తల ఎత్తకూడదన్నాడు డాక్టరు. గదేమో ఇరుకు, వీధి వైపు ఒకటే సన్నటి కిటికీ. వీధి గోడని ఆనించి తప్ప మంచం ఇంకెలా వేసినా తలుపు తెరుచుకోదు.

వచ్చిన రెండోరోజే మొదలుపెట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ గోడకి పెద్ద కిటికీ పెట్టరా."

"ఎంత పెద్దదక్కా?"

"ఈ చివర్నించి ఆ చివరికి."

"ఆ చివర మూల ఉంది. మూల ముట్టుకోకూడదు."

"ఏం, కరుస్తుందా?"

గాలి పక్కనించి తోస్తే ఇల్లు ఒరిగిపోకుండా పట్టుకునేది మూల దగ్గరి గోడేనని ఈయన చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. నేను గాజు గ్లాసులు దాచుకున్న అట్టపెట్టె తెచ్చి, గ్లాసులన్నీ నేలమీద పెట్టి, పెట్టె మూలల్లో కిటికీలు కోసి, పైన చెయ్యేసి తోశారు. అది చతికిలబడింది.

"చూశావా?" అన్నారు.

"చూశాను. నేను అట్టపెట్టెలో పడుకోలేదురా" అంది వదిన.

అగ్గిలో ఆజ్యం పొయ్యడానికి అప్పుడే దిగాడు మా మరిది. ఈయన తమ్ముడు, ఊరికి అవతలి కొసన ఉంటాడు. అన్నగారు వద్దన్న కిటికీలన్నీ వేరేవాళ్ళ చేత పెట్టించుకున్నాడు. మూల నుంచి మూలకి అద్దమే. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. దూలం సన్నంది వెయ్యడంతో కాస్త కుంగి, ఇప్పుడా కిటికీ రెక్క తెరుచుకోదు. ఉక్కపోసిందంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పిడి పట్టుకుని వేలాడతారు.

"అక్కా, మా ఇంటికొచ్చెయ్. మంచంలోంచే అంతా కనిపిస్తుంది. ఇక్కడ గోడ చూస్తూ పడుకునే ఖర్మ నీకేంటి?" అన్నాడు.

"తెరుచుకోనిది కిటికీ ఎలా అవుతుందిరా?" అన్నారు మా ఆయన.

"మీ ఇంట్లో తెరుచుకునేవి మాత్రం కిటికీలా అన్నయ్యా? ఉత్తరాల పెట్టెలు."

వదిన ఇద్దర్నీ చూసింది. "ఆదివారం దాకా ఆగుతాను. ఆ లోపల ఈ మంచం మీంచి నాకు వీధి కనబడితే ఇక్కడే ఉంటా. లేదంటే వీడి బండెక్కుతా. కప్పు చూస్తూ పడుండటం నావల్ల కాదు" అంది.

వెళ్తే వెళ్ళనీ అనుకోవచ్చు. కానీ మా మరిదీ తోడికోడలూ పొద్దున పోతే చీకటిపడ్డాకే ఇల్లు చేరతారు. అక్కడ చూడ్డానికి కిటికీ ఉంటుంది గానీ, దాహమేస్తే గ్లాసుడు నీళ్ళిచ్చే దిక్కుండదు. పైగా అత్తగారు పోయాక మా ఆయన్ని పెంచింది ఆవిడే. ఆవిడ ఆ బండెక్కితే ఈయనకి ముద్ద దిగదు. ఆ సంగతి నాకు తెలుసు, వదినకి తెలుసు. ఈయనకి మాత్రం మూల సంగతి తప్ప ఇంకేమీ తెలియదు.

అప్పట్నించీ అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. మధ్యలో నేను రాయబారిని.

"మందు వేళైందని మీ ఆయనతో చెప్పు."

"మీరే చెప్పండి వదినా, గోడవతలే ఉన్నారు."

"గోడలతో నేను మాట్లాడను."

అవతల్నించి ఈయన, "ఆ తెల్ల బిళ్ళ తిన్నాక వెయ్యాలా ముందా, కనుక్కో" అంటారు. ఇద్దరి మధ్యా మూడంగుళాల గోడ. ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తాయి. నా కాళ్ళే అరిగాయి.

బుధవారం నాటికి నాకు విసుగు నెత్తికెక్కింది. "మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఒప్పుకున్నాను. ఆవిడది విరిగిన కాలు. ఆ కాలితో అంత దూరం బండిలో కుదిపిస్తారా?" అన్నాను. భోంచేసి, చెయ్యి కడుక్కుంటూ, "ఒక్క కొయ్య. ఒక్కటే కోస్తాను. అదీ మూలకి దూరంగా" అన్నారు.

ఆ ఒక్క కొయ్యకే ఇల్లు అడవి అయింది. వదిన మంచం నా గదిలోకి వచ్చింది. వీధి గది కప్పు దిగకుండా కింద పోటు కర్రలు పెట్టారు. గోడ పలక ఊడదీశారు. కొయ్య కోసి, రెండు మందపాటి చెక్కలు కలిపి మేకులేసి దూలం చేసి, కిటికీ నెత్తిన పెట్టారు. దానికి అటూ ఇటూ జంట కొయ్యలు. మూల దగ్గర కొత్త పలక వేసి, చీమ దూరకుండా మేకులు దట్టించారు. రంపపు పొట్టు నా దుప్పట్లలో, నా ఉప్పు డబ్బాలో, చివరికి నా కళ్ళజోడు పెట్టెలో కూడా. శుక్రవారం సాయంత్రానికి కిటికీ తయారైంది. ఉన్న మాట చెప్పాలి, ముచ్చటగా ఉంది. పాతదానికి రెట్టింపు వెడల్పు, వేలితో తోస్తే తెరుచుకుంటుంది. మంచం మళ్ళీ చేర్చి, వదినని పడుకోబెట్టాం. ఈయన పంతం పక్కన పెట్టి తనే అడిగారు.

"ఏం కనబడుతోందక్కా?"

"కరెంటు స్తంభం తల. దాని మీద కాకి."

"ఇంకా?"

"కాకి ఎగిరిపోయింది."

ఈయన కిటికీ వంక చూసి, ఆవిడ వంక చూశారు.

"నాకు ఆకాశంతో ఏం పనిరా? దానికెప్పుడైనా చొక్కా కుట్టానా?" అంది వదిన. కోపంగా కూడా అనలేదు, అదే బాగా తగిలింది. తర్వాత నాతో అంది, "చిన్నవాడికి ఫోన్ చెయ్యమను. ఆదివారం పొద్దున్నే రమ్మను."

"పెద్దది కావాలంది, పెద్దది చేశాను. ఇంకో కొయ్య కోస్తే మూలకి తగులుతుంది. నేను చెయ్యను" అని ఈయన నాతో చెప్పి పెరట్లోకి వెళ్ళి, నున్నగా ఉన్న చెక్కనే మళ్ళీ చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. వదిన నాతో బట్టలు సర్దించుకుంది. సర్దుతున్నంతసేపూ ఇద్దర్నీ మనసులో తిట్టుకున్నాను, ఎవర్నీ తక్కువ చెయ్యకుండా.

శనివారం పొద్దున ఒళ్ళు తుడవడానికి నర్సు వచ్చి, వదినని చక్రాల బల్ల మీద పడుకోబెట్టి లోపలికి తీసుకెళ్ళింది. నేను దుప్పటి మారుస్తున్నాను. నడుం పీకేస్తోంది. కాస్త ఒరుగుదామని ఆవిడ దిళ్ళ మీదే ఒరిగాను. పైన కిటికీలో స్తంభం తల. కాకి తిరిగొచ్చింది. వీధి చూద్దామని తల పక్కకి తిప్పాను. ముక్కుకి ఎదురుగా గోడ. మళ్ళీ పైకి చూశాను, మళ్ళీ పక్కకి చూశాను. ఈ కిటికీని పక్క ఊరిదాకా వెడల్పు చేసినా ఈ మంచానికి కనబడేది ఆకాశమే. అడ్డమున్నది పక్క గోడ కాదు, కింది గోడ. ఇన్నాళ్ళూ ఆవిడ వెడల్పు వెడల్పు అని, ఈయన మూల మూల అని కొట్టుకు చస్తుంటే, నేను వీళ్ళ మాటలు అటూ ఇటూ మోశాను.

ఈయన్ని కేకేశాను.

"ఇలా వచ్చి పడుకోండి."

"పట్టపగలు పడుకోవడమేమిటి?"

"పడుకోండి అంటున్నానుగా."

చెప్పులతోనే పడుకున్నారు, ఉతికిన దుప్పటి మీద. నేనేమీ అనలేదు. అదెంత కష్టమో నాకే తెలుసు. పైకి చూశారు. తల పక్కకి తిప్పారు. చెయ్యి దానంతటదే వెళ్ళి కిటికీ కింద గోడని టకటకమని కొట్టింది.

"ఆ కింద కొయ్యలేం మోస్తాయి?" అని అడిగాను.

"కిటికీని."

"కప్పునో?"

"కప్పు బరువు పైనే దూలం మీంచి జంట కొయ్యల్లోకి పోయిందిగా. వీటి మీదేముంది?"

"మరి వీటిని కొయ్యడానికేం రోగం?"

గోడని ఇంకోసారి కొట్టి చూశారు. "ఎవరూ అడగలేదు. అందరూ వెడల్పే అడుగుతారు" అన్నారు.

వంటింట్లో పీటని తలుచుకుని నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచేలోపు ఆయన చెవి మీంచి పెన్సిల్ తీసి, ఆ పడుకున్న చోటే, గడ్డం కింద గోడ మీద గీత గీశారు.

మళ్ళీ పొట్టు, మళ్ళీ చప్పుడు. కిటికీ కింద పొట్టి కొయ్యల్ని గీత దాకా కోసి, కొత్త అడుగు పట్టె బిగించారు. మూల జోలికి పోలేదు, పోవలసిన పనీ లేదు. అద్దానికి ఎక్కడికీ పరుగెత్తలేదు. ఊడదీసిన పాత కిటికీని అడ్డంగా పడుకోబెట్టి కొత్తదాని కింద అమర్చారు. దాదాపు సరిపోయింది. మిగిలిన సందుల్లో చెక్క బద్దలు పెట్టి మేకులు కొట్టారు. వదిన చెయ్యి అద్దానికి తగలకుండా లోపల ఒక అడ్డ కమ్మీ వేశారు. "ఏం చేస్తున్నాడు వాడు?" అని పక్క గదిలోంచి వదిన అడుగుతూనే ఉంది. "మీరే అడగండి" అన్నాను. మాటలు మోయడం మానేశాను.

ఆదివారం పొద్దున వదినని మంచం మీదికి చేర్చి పక్కకి జరిగాం. తల తిప్పింది. కమ్మీ పట్టుకుని బయటికి చూసింది. ఈయన గుమ్మంలో నిలబడి గోరు కొరుకుతున్నారు. ఇంతలో బండి ఆగింది. మా మరిది దిగి వాకిట్లోకి వస్తున్నాడు.

"ఒరేయ్, నీ పంట్లాం అంచు ఊడింది. దారం ఈడ్చుకుంటూ తిరుగుతున్నావు, మీ ఆవిడకి కళ్ళు లేవా?" అంది వదిన మంచం మీంచే.

మరిది వంగి కాళ్ళు చూసుకుని, తర్వాత కిటికీలోకి చూశాడు. "అక్కా, బండి తెచ్చాను."

"చూశాను. చక్రం నిండా బురద. మీ ఇంటి కిటికీ నేలకి ఎంత ఎత్తులో ఉందిరా?"

"నడుం దాకా ఉంటుంది. ఏం?"

"నా నడుం దాకానా, నీ నడుం దాకానా?"

వాడు బుర్ర గోక్కున్నాడు. "ఆకాశం బాగా కనిపిస్తుందక్కా."

"ఆకాశం నువ్వే ఉంచుకో. లోపలికొచ్చి ఆ పంట్లాం మార్చి ఇలా ఇవ్వు. తమ్ముడూ, నా పెట్టె విప్పి సూదీ దారం తియ్యి" అంది. ఇన్నాళ్ళకి తనంతట తను ఈయనతో కలిపిన మాట అది. ఈయన పెట్టె విప్పడానికి వెళ్ళి, మడతలన్నీ పీకి పారేశారు. అన్నీ మళ్ళీ నేనే సర్దాను.

వదిన ఉండిపోయింది. ఇప్పుడు పొద్దస్తమానం నాకు వీధి వార్తలే. పాలవాడి చొక్కా బిగుతైందట. పక్కింటావిడ ఎదురింటావిడని చూసి మొహం తిప్పుకుందట. గిన్నె మీద గిన్నె పెట్టుకోనివ్వకుండా కేకలేస్తుంది, "ఇలా వచ్చి చూడవే" అని.

నిన్న మా ఆయన వంటింట్లోకి వచ్చి, నా కిటికీ ముందు నిలబడి, పీట వైపు చూశారు.

"నువ్వెక్కడ నిలబడి చూస్తావు?" అన్నారు.

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళకి అడిగారు. పీట పక్కకి నెట్టి, పొయ్యి దగ్గర నిలబడి చూపించాను. "కదలకు, పెన్సిల్ తెస్తా" అని వెళ్ళి, ఇల్లంతా వెతుకుతున్నారు. పెన్సిల్ ఆయన చెవి మీదే ఉంది. వదిన కిటికీ దగ్గర్నించి, "వాడేం వెతుకుతున్నాడే?" అంటోంది. నేను కదలకుండా నిలబడే ఉన్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి.