వంటాయన గడ్డం

పాకాలకు సముద్రం లేదు. అయినా అక్కడ మా ఇంట్లో ఒక ఓడ ప్రమాదం జరిగింది. కారణం తుపాను కాదు, నా నోరు. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి, నేను అలవాటుపడ్డాను.

అప్పట్లో తిరుపతిలో డిగ్రీ చదివేదాన్ని. పాత పుస్తకాల బండి మీద అట్ట చిరిగిన ఇంగ్లీషు నవల దొరికింది. ఓడ దొంగల కథ. ఆ ఓడకు ప్రాణముంది. అలక పాన్పెక్కిన కొత్తల్లుడిలా మొండికేస్తుంది, ఎవరైనా నవ్విస్తేనే కదులుతుంది. లోకాన్నంతా దోచుకునే దాని నాయకుడు, ఓడలో వంట చేసే ఆయనకు మనసిచ్చాడు. అవును, ఆయనకే. ఆ ఇద్దరి కోసం నేను నవ్వాను, ఏడ్చాను, పరీక్షల సంగతే మరిచాను.

సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి నాయనకు కంటి ఆపరేషన్ అయింది. శనగచేను తప్ప వేరే ధ్యాస లేని మనిషి, కంటికి పచ్చగుడ్డతో మంచం మీద బోనులో పులిలా ఉన్నాడు. పక్కన కూర్చుని చదువుతూ కిసుక్కున నవ్వాను.

"ఏందిమ్మే, ఒక్కదానివే నవ్వతా ఉండావు? నాకూ సెప్పు."

తెలుగులో చెప్పడం కష్టం కాదు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమను నాయనకు చెప్పడమే కష్టం. అందుకని వంటాయనను వంటామెగా మార్చేశాను. పనిలో పనిగా చీర కూడా కట్టించాను.

నాయనకు కథ పట్టుకుంది. పొద్దున కాఫీ తాగేలోపే "ఆ ఓడ కదిలిందా?" అని అడిగేవాడు. ఆ ఉత్సాహంలో ఒకరోజు ఒళ్ళు మరిచి చదివేశాను: "పొయ్యి భగ్గుమని ఆమె గడ్డానికి నిప్పంటుకుంది! నాయకుడు గాబరాగా పరుగెత్తాడు!"

నాయన లేచి కూర్చున్నాడు. "ఆయమ్మకు గడ్డమా?"

"మారువేషం, నాయనా."

"పెట్టుడు గడ్డమైతే పీకి పారేయొచ్చు గదా? నాయకుడు అంత గాబరా పడేదెందుకు?"

"అంటే... కొంచెం నిజం గడ్డం."

"కొంచెమా!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఏడు సముద్రాలు గెలిచిన దొంగలను నేను మా ఇంటి నడవలో ఓడించేశాను.

"ఆయప్ప మొగోడే గదా?" అన్నాడు నాయన, నెమ్మదిగా.

పుస్తకం పొయ్యిలోకి పోయిందనే అనుకున్నాను. "అవును నాయనా. నువ్వు కోప్పడతావని..."

"కన్ను కట్టినారు గానీ సెవులు కట్టలేదు గదమ్మే. చీర కట్టించినావు గానీ, ఆయప్ప మాట తీరు మార్చలేకపోతివి. నాకు ముందే తెలిసె." నా వైపు తిరిగాడు. "అది సరే. ఆ నిప్పంటుకున్నోడు బతికినాడా, లేదా?"

ఆయన గొంతులో ఆదుర్దా విన్నాక నాకు సిగ్గేసింది. నేను దాచింది నాయన కోసం కాదు, నా భయం కోసం. చదువుకున్న నా మనసే విశాలమని, చేనుగట్టు దాటని ఆయన మనసు ఇరుకని నేనే కొలతలు వేసేసుకున్నాను.

"బతికినాడు నాయనా. నాయకుడు నిధి పెట్టెలు సముద్రంలోకి తోసేసి, ఓడను వైద్యుడి దగ్గరికి మళ్ళించినాడు."

"మంచి పని చేసినాడు," అని నాయన హాయిగా వెనక్కి వాలాడు. "అయితే మొదట్నించీ సెప్పు. ఈ తూరి గడ్డంతో."

గడ్డంతోనే చెప్పాను. ఇకపై ఏ కథలోనూ, ఎంతటి పెద్దలు వింటున్నా, ఎవరి గడ్డమూ గొరగనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.