తాతయ్య ముట్టని రొట్టె

నా చిన్నప్పుడు, చోడవరంలో మా చెరకు గానుగాడుతున్న ఒక రోజున, నేను చేసిన పని ఇప్పటికీ నన్ను వదల్లేదు.

బెల్లం వండే పెద్ద పెనంలో మరిగే రసం తేటపడడానికి చిటికెడు సున్నం వేసేవారు. ఎక్కువైతే బెల్లం నల్లబడుతుందని నాకు తెలియదు. మేస్త్రి అటు తిరిగినప్పుడు, నేనూ వండుతున్నాననుకుని గుప్పెడు వేసేశాను. రసం నా కళ్ళముందే నల్లబడిపోయింది. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తున్న పక్కింటి అక్క మీద మేస్త్రి విరుచుకుపడ్డాడు. "సున్నం కుండ నీ పక్కనే ఉంది కదే! కళ్ళు నెత్తికెక్కినాయేటి? రేపట్నుంచి ఈ పొయ్యి కాడ కనబడకు!" ఆమె నా వైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. ఆ కూలి మీదే ఆమే, మంచం పట్టిన తల్లీ బతుకుతున్నారు.

ఆ సాయంత్రం గాదె వెనక మోకరించి, క్షమించమని దేవుడి దగ్గర ఏడ్చాను. మనసు తేలికైంది. కానీ పక్కింట్లోంచి పొగ ఒక పూటే లేచేది. తర్వాత అదీ లేదు. తాతయ్య నన్ను చూస్తూ అన్నం ముద్ద మధ్యలోనే ఆపేసేవారు.

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, యేసును తలుచుకుని అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. రొట్టె పళ్ళెం సంఘ పెద్ద అయిన తాతయ్య దగ్గరకు వచ్చింది. ఆయన ముట్టకుండా పక్కకు జరిపేశారు. చర్చి అంతా బిగుసుకుపోయింది. ఒప్పుకోని పాపం ఉన్నవాళ్ళే అలా వదిలేస్తారని పిల్లలకు కూడా తెలుసు.

దారిలో అడిగితే, "మనింట్లో ఓ పాపం కూకునుందమ్మా. అది లెగిసేదాకా నాను ముట్టను," అన్నారు. ఆ రోజు నా గౌను అంచున సున్నం చూశారట.

దేవుడికి అప్పుడే చెప్పేశానన్నాను.

"ఆయనకి సెప్పేవు. మరి ఆ పిల్లకో?"

మర్నాడు కూలీలందరి ముందు, సున్నం వేసింది నేనేనని మేస్త్రికి చెప్పాను. అక్కను మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. ఆ కబురు నేనే పట్టుకెళ్ళి, తప్పు నాదేనని ఆమె ముందు ఏడ్చాను.

"నాకు తెలుసే గుంటా. నువ్వు ఏసినప్పుడే సూసేను."

"మరి సెప్పలేదేటక్కా?"

"నాను సెప్తే నమ్ముతాడేటి? నువ్వొచ్చి సెప్తావని ఆరు రోజులు ఈ గుమ్మంలోనే కూకున్నాను."

ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. ప్రార్థనలో ఏడ్చేసి వాళ్ళు హాయిగా నిద్రపోతే నాకు భయం వేస్తుంది. కన్నీళ్ళతో పశ్చాత్తాపం పూర్తయిందని నేనెప్పుడూ అనుకోలేను. ఎక్కడో ఒకరు ఇంకా నా కోసం ఎదురుచూస్తున్నారేమోనని ముందు వెతుక్కుంటాను.