మార్కండేయులు బాబాయి నడుం మీద పుండు

పెడనలో మా వీధి నేతగాళ్ళలో నడుం చుట్టూ నల్లచార లేని మగాడు లేడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పొద్దస్తమానం వంగి కూర్చోవాలి. పంచె జారితే పని సాగదు. అందుకని బిగించి కడతారు, ఏళ్ళ తరబడి అదే చోట. చర్మం ఒరుసుకుని నల్లబడుతుంది, గరుకెక్కుతుంది. దాన్ని ఎవరూ రోగమనుకోరు. అందరికీ ఉన్నది రోగమెలా అవుతుంది?

మార్కండేయులు మా నాన్నకు పినతండ్రి కొడుకు. పన్నెండో ఏట మగ్గం ఎక్కాడు, నలభై ఏళ్ళు దిగలేదు. నోరు మాత్రం ఊరుకునేది కాదు. నేను కాలేజీ మానేసి ఇంటికొచ్చిన రోజున వీధంతా వినేలా అడిగాడు: "రెండేళ్ళు బందరులో ఉండి ఏం నేర్చావురా, పంట్లాం తొడగటమా?"

యుద్ధం మధ్యలో, నలభైమూడులో, ఆయన చారలో ఒకచోట రంగు పోయి తెల్లబడింది. తర్వాత పగిలింది. తర్వాత పుండైంది. పసుపు పెట్టాడు, వేపాకు నూరి పెట్టాడు, మానలేదు. రసి కారి నేసే చీర మీద మరక పడుతుందేమోనని గుడ్డ మడిచి పుండు మీద పెట్టి, దాని మీద పంచె ఇంకా గట్టిగా బిగించాడు. అలా మూడేళ్ళు. మా పిన్ని సుబ్బరత్నం ఆ గుడ్డలు ఉతుకుతూనే ఉంది. వాసన వచ్చాకగాని నాకు తెలియలేదు.

"చూపించు బాబాయ్."

"పంచె కట్టేచోట పుండు పడక ఏం పడుతుందిరా? పో, పనుంది."

పిన్ని ఏడిస్తే రైలెక్కాడు, పిన్నీ నేనూ వెంట వెళ్ళాం. బెజవాడలో రామకోటేశ్వరరావు గారని సర్జను. పుండు చుట్టూ గట్టు కట్టినట్టు లేచిన అంచులు నొక్కి చూశాడు.

"నొప్పి ఉందా?"

"లేదండీ. నొప్పుంటే ఎప్పుడో రాకపోదునా?"

డాక్టరు గజ్జలో చెయ్యి పెట్టి ఆగాడు. అక్కడ రాయిలాంటి గడ్డ. బాబాయిని బట్టలు సర్దుకోమని, నన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళి ఇంగ్లీషులో చెప్పాడు. చర్మానికి వచ్చే క్యాన్సరట, మనవాళ్ళు రాచపుండు అనేది. తెల్లవాళ్ళకు ఎండకు ముఖం మీద వస్తుంది. మనవాళ్ళకు ఇలా ఏళ్ళపాటు ఒరిసిన చోట, పాత కాలిన మచ్చల మీద వస్తుంది. అంటుకునేది కాదు. చిన్నగా ఉన్నప్పుడు చుట్టూ నాలుగు వేళ్ళ మేర కోసేస్తే చాలామంది బతుకుతారు. మద్రాసులో రేడియం పెట్టి కాలుస్తారు కూడా. కాని బాబాయికిది గజ్జల్లోకి దిగి, అక్కడ ఎముకకు అతుక్కుపోయింది. ఇక కత్తికి అందదు. రేడియం పుండు వాసన తగ్గిస్తుంది, అంతే.

"మొదట్లోనే పంచె కాస్త పైకో కిందికో కట్టి ఉంటే?" అని అడిగాను.

"అప్పటికి మానేదేమో," అన్నాడాయన.

వరండాలో బాబాయీ పిన్నీ బల్ల మీద కూర్చున్నారు. నాకు దాచడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. బాబాయి చేత్తో నడుం తడుముకున్నాడు.

"అందరికీ ఉందిగదరా ఆ చార," అన్నాడు. "నాకే ఎందుకట?"

అది నేను డాక్టరును అడగలేదు. అడిగినా ఆయనకు తెలిసేది కాదనుకుంటాను.

పిన్ని మాత్రం నన్నే చూస్తోంది. "నువ్వు సరిగా అడిగుండవు. నీ చదువు సగంలోనే ఆగిపోయిందాయె. వెళ్ళి ఇంకోసారి అడుగు నాయనా, మంచి ఇంగ్లీషులో అడుగు."

వెళ్ళాను. బయట ఇంకా పదిమంది రోగులున్నారు. వాళ్ళను తోసుకుని లోపలికెళ్ళి, చేతనైనంత మర్యాదగా, నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, మరో దారేమైనా ఉందా అని అడిగాను. డాక్టరు కలం కింద పెట్టాడు. ఈసారి తెలుగులో, మెల్లగా చెప్పాడు. మాట అదే.